వదిన కారులో మొండి బోల్టు

మా అన్నయ్య నార్మురాద్ కార్లలో ఏసీలు బాగుచేస్తాడు. అఫ్ఘన్ సరిహద్దు నది ఒడ్డునున్న మా తెర్మెజ్‌లో ఆ పని చేసేవాడికి వేసవిలో కుదురుగా కూర్చుని తినే తీరిక ఉండదు. ఎండలు ముదిరాయంటే చాలు, మా గేటు ముందు పిల్లకాలువ పొడుగునా తెల్ల కార్లు బారులు తీరతాయి. వాటి యజమానులు మా ముంగిట్లో ద్రాక్షపందిరి కింద చెక్కమంచం మీద కూర్చుని, మా అమ్మ పోసే చాయ్ తాగుతూ, తమ వంతు కోసం చూస్తుంటారు. ఊళ్లో సగంమంది చల్లగా తిరుగుతున్నారంటే అది మా అన్నయ్య చలవే.

మా వదిన సనోబర్ కారులో మాత్రం ఏసీ పనిచేయదు.

వదిన కేకులు చేస్తుంది. పెళ్లికైనా, పిల్లాడి పుట్టినరోజుకైనా ఆమె చేతి కేకు కావాలంటే ముందే చెప్పుకోవాలి. చేయడం ఒక ఎత్తు, మా ఎండల్లో ఆ మీగడ కరగకుండా చేర్చడం ఇంకో ఎత్తు. సూర్యుడు లేవకముందే బయల్దేరేది. కారు కిటికీలకు తడిదుప్పట్లు కట్టేది. కేకు డబ్బా చుట్టూ మంచుసీసాలు పేర్చేది. తను మాత్రం చెమటతో తడిసి ముద్దయి ఇంటికొచ్చేది. ఏసీ సంగతి అడిగినప్పుడల్లా అన్నయ్య జవాబు ఒకటే.

"రేపు చూస్తా సనోబర్."

"ఏ రేపండీ?"

"ఈ కార్లు అయిపోయాక వచ్చే రేపు."

ఆ కార్లు ఎప్పటికీ అయిపోవు. ఈ సంగతి మా ఇంట్లో నవ్వులాటగా మారింది. నవ్వేవాళ్లలో వదిన ఉందో లేదో నేను గమనించలేదు. నేను ఆ ఇంటి ఆడపడుచుని, పేరు దిల్‌ఫూజా, బట్టలు కుడతాను. నా మిషను ముంగిట్లోనే ఉంటుంది కాబట్టి ఆ రోజు జరిగిందంతా నా కళ్లముందే జరిగింది.

జూలై నెల. షేరాబాద్‌లో ఒక పెద్ద పెళ్లికి వదిన మూడంతస్తుల కేకు ఒప్పుకుంది. తెల్లటి మీగడ, మీద చక్కెరతో చేసిన దానిమ్మపూలు. రెండు రోజులు కష్టపడి చేసి పెద్ద ఫ్రిజ్‌లో పెట్టింది. పెళ్లి సాయంత్రం. కేకు తీసుకెళ్లడానికి ఐస్‌క్రీములు మోసే చల్లటి బండి మాట్లాడుకుంది. పొద్దున్నే ఆ బండివాడు ఫోను చేశాడు. బండి దెనావ్‌లో చిక్కుకుపోయిందట, ఇవాళ రావడం కుదరదట.

వదిన ఫోను పెట్టేసింది. తర్వాత తిన్నగా అన్నయ్య దగ్గరికి నడిచింది. అన్నయ్య ఎవరిదో కారు బానెట్‌లో తల దూర్చి ఉన్నాడు. వదిన ఆయన చేతిలోంచి పానా తీసుకుంది.

"ఏమండీ, ఇవాళ మొదటి కారు ఎవరిది?"

"ఇదిగో, ఈయనది" అన్నాడు అన్నయ్య, మంచం మీద కూర్చున్న లావుపాటి పెద్దమనిషిని చూపిస్తూ.

"కాదు. నాది."

అన్నయ్య నోరు తెరవబోయాడు. అంతలో ఆ పెద్దమనిషే చేయి ఊపి, "తమ్ముడూ, ముందు మీ ఆవిడది చూడవయ్యా. ఆమె ముఖం చూస్తుంటే ఇక్కడ కూర్చున్నవాడికి కూడా భయమేస్తోంది" అన్నాడు.

"సాయంత్రానికి కేకు షేరాబాద్ చేరాలి" అంది వదిన. "మధ్యాహ్నం నుంచి అఫ్ఘన్ గాలి లేస్తుందని రేడియోలో చెప్పారు. కిటికీలు తీస్తే కేకు నిండా దుమ్ము. మూస్తే కేకు పాయసం. మీరే చెప్పండి ఏం చేద్దామో."

అన్నయ్య పానా వెనక్కి తీసుకున్నాడు. వదిన కారును నీడలోకి తోసుకొచ్చాడు.

గ్యాస్ చుక్క కూడా మిగల్లేదని మొదట్లోనే తేలింది. ఎక్కడ కారిందో కనిపెట్టడానికి కూడా ఎంతోసేపు పట్టలేదు. కంప్రెసర్‌లోకి పైపు దిగేచోట నూనెతో తడిసిన దుమ్ము నల్లగా అట్టకట్టింది. అన్నయ్య వేలితో గీకి చూపించాడు.

"లోపల రబ్బరు రింగు ఎండిపోయింది, అంతే. ఒక్క బోల్టు విప్పి, పైపు లాగి, రింగు మార్చి, గ్యాస్ ఎక్కిస్తే అయిపోయె. అరగంట పని."

"అరగంట పనికి మార్చి నుంచి తిప్పించుకున్నారా నన్ను?" అంది వదిన.

మంచం మీద జనం నవ్వారు. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. అదే చిక్కు తెచ్చిందనుకుంటాను. వేరే కారైతే నెమ్మదిగా, బుజ్జగిస్తూ విప్పేవాడు. ఇప్పుడు పానా తగిలించి ఒక్క ఊపు ఊపాడు. బోల్టు కదల్లేదు. రెండో ఊపు ఊపాడు. పానా జారి, వేలి కణుపులు రేడియేటర్‌కు కొట్టుకున్నాయి.

బోల్టు ఇనుముది, కంప్రెసర్ ఒళ్లు అల్యూమినియంది. ఆ రెండూ ఏళ్ల తరబడి కలిసి ఉంటే మధ్యలో తెల్లటి ఉప్పులాంటి తుప్పు పట్టి, ఒకదాన్నొకటి వదలవు. కిరసనాయిలు పోసి నానబెట్టాడు. సుత్తితో తలమీద చిన్నగా తట్టాడు. మళ్లీ నానబెట్టాడు. మా అమ్మ ఖోల్‌బీబీ ఆ తంతు అంతా చూసి, లోపలికి వెళ్లి గిన్నె పట్టుకొచ్చింది.

"పుల్లటి పెరుగు పొయ్యరా. మీ నాన్న ట్రాక్టరు బోల్టులకు ఇదే పోసేవాడు."

"అమ్మా, నువ్వుండవే."

"ఉన్నాగా ఇన్నేళ్లూ, అందుకే చెప్తున్నా. పొయ్యి."

పెరుగు కూడా పోశాడు. కాసేపటికి ఆ ఇంజను దగ్గర వంటిల్లు, మెకానిక్ షాపు కలిసిన వాసన వచ్చింది గానీ బోల్టు మాత్రం ఒక్క వెంట్రుకవాసి కదల్లేదు. పానా మళ్లీ మళ్లీ జారి బోల్టు తల మూలలు అరిగి గుండ్రంగా అయిపోయింది. పట్టుకారుతో బిగించి పట్టి, పొడవాటి గొట్టం తగిలించి, ఊపిరి బిగబట్టి అన్నయ్య తిప్పాడు.

టక్ మని చిన్న చప్పుడు. అన్నయ్య ఒక్కసారిగా ముందుకు తూలాడు.

బోల్టు తల ఆయన చేతిలోని పట్టుకారులో ఉంది. మిగతాది కంప్రెసర్‌లో ఉంది.

పైపు తేలిగ్గా ఊడి వచ్చింది. కింద బోల్టు మొండెం గోరంత పైకి కనిపిస్తోంది, పట్టుకారుకు అందీ అందకుండా. అన్నయ్య దాన్ని పట్టుకోబోతే అది గీరుకుపోయి నున్నగా మెరిసింది.

"డ్రిల్లు పెట్టి తొలిచేస్తా" అన్నాడు.

"తొలుస్తుంటే పక్కకి పోతే?" అంది వదిన.

"పోతే... కంప్రెసర్ చెత్తకుప్పకి."

"వేరే దారి లేదా?"

అన్నయ్య తల తిప్పుకున్నాడు. దారి ఉందని నాక్కూడా తెలుసు. ఆ మొండెం మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ చేస్తే, ఆ వేడికి తుప్పు వదులవుతుంది, తిప్పడానికి కొత్త తల కూడా దొరుకుతుంది. ఇలాంటి పని అన్నయ్య ఎన్నోసార్లు చేయించాడు. కాకపోతే ఈమధ్య ప్రతిసారీ కారును బజారు అవతలి చివరకు ఈడ్చుకెళ్లి అక్కడి వెల్డరు చేత చేయిస్తాడు. అక్కడికి వెళ్లి, వంతు కోసం కూర్చుని, తిరిగొచ్చేసరికి పొద్దు వాలుతుంది.

మా గోడ అవతలినుంచి చిర్రుమని వెల్డింగ్ చప్పుడు వినిపించింది. అందరం గోడవైపు చూశాం. అన్నయ్య మాత్రం చూడలేదు.

గోడ అవతల పాంజీ అన్న ఉంటాడు. ఈ చుట్టుపక్కల ఆయన్ని మించిన వెల్డరు లేడు. ఒకప్పుడు ఆయనా మా అన్నయ్యా ఒకే రొట్టె విరుచుకు తినేవాళ్లు. తర్వాత కౌజుపిట్ట గొడవ వచ్చింది.

పాంజీ అన్నకు కౌజులంటే ప్రాణం. సొరకాయ బుర్రతో చేసిన పంజరంలో ఒక మగపిట్టను పెంచేవాడు. తెల్లవారుజామున అది "వవాక్, పిత్‌బిల్దీక్" అని కూస్తే వీధి చివరి టీకొట్టు దాకా వినిపించేది. ఒకసారి కూతురి కాన్పుకు దెనావ్ వెళ్తూ పిట్టను అన్నయ్యకు అప్పగించాడు. మా అన్నయ్య పంజరం శుభ్రం చేస్తూ వల ముడి సరిగ్గా వేయలేదు. పిట్ట తుర్రుమంది. మేత పొలాల్లో పొద్దుగూకేదాకా వెతికాడు. మర్నాడు బజారుకెళ్లి అచ్చం అలాంటి మచ్చలే ఉన్న ఇంకో కౌజును కొని పంజరంలో పెట్టి, ఆయన తిరిగొచ్చాక ఏమీ ఎరగనట్టు అప్పగించాడు.

మరునాడు తెల్లారగట్ల ఆ పిట్ట ఒక్క కూత కూసిందో లేదో, పాంజీ అన్న గోడమీదినుంచి తల పైకెత్తి అరిచాడు.

"నార్మురాద్! ఇది నా పిట్ట కాదురా!"

"నీదే అన్నా. ప్రయాణం బడలికతో గొంతు మారిందేమో."

"ప్రయాణం చేసింది నేనురా, పిట్ట కాదు!"

అదే వాళ్ల ఆఖరి మాట. ఆ తర్వాత ఒకరింట్లో పెళ్లికి ఇంకొకరు వెళ్లలేదు. వీధిలో ఎదురైతే ఒకరు కాలువకు ఈ గట్టునా, ఇంకొకరు ఆ గట్టునా నడిచేవారు.

వదిన చేతులు కడుక్కుని, తలగుడ్డ సరిచేసుకుని, "దిల్‌ఫూజా, రా" అంది.

"ఎక్కడికి?" అన్నాడు అన్నయ్య.

"రొట్టెల్లోకి ఈస్ట్ అయిపోయింది, అడిగి తెస్తాను."

పాంజీ అన్న తన ముంగిట్లో ఇనుప గేటు ఒకటి నేలమీద పరిచి అతుకుతున్నాడు. మమ్మల్ని చూసి ముసుగు పైకెత్తాడు. ముఖమంతా చెమట. పక్కనే తడి తువ్వాలు. మేం ఎందుకొచ్చామో వదిన సాగదీయకుండా చెప్పింది. బోల్టు, కేకు, షేరాబాద్, బండివాడు, అన్నీ.

"వాడు పంపాడా?" అన్నాడు పాంజీ అన్న.

"లేదు. ఆయన ఈస్ట్ కోసం వెళ్లాననుకుంటున్నారు."

"తెలిస్తే ఒప్పుకుంటాడా?"

"ఒప్పుకోరు. అందుకే చెప్పలేదు."

ఆయన మీసం చాటున నవ్వొచ్చింది గానీ దాన్ని బయటికి రానివ్వలేదు.

"చూడమ్మా చెల్లెమ్మా. మా చిన్నమ్మాయి పెళ్లికి, మన రెండిళ్ల మధ్యా మాటల్లేకపోయినా కేకు మాత్రం నువ్వే పంపావు. అది నేను మర్చిపోలేదు. కేకు కోసం వస్తాను. కారు కోసం కాదు. మీ ఆయన కోసం అసలే కాదు. వాడితో ఒక్క మాట కూడా మాట్లాడను."

"మాట్లాడొద్దన్నయ్యా. వెల్డింగ్‌కి మాటలెందుకు?"

వెల్డింగ్ మిషను చక్రాలబండి మీద గడగడ లాక్కుంటూ పాంజీ అన్న మా గేటులోంచి వచ్చేసరికి అన్నయ్య డ్రిల్లు చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. డ్రిల్లు కింద పెట్టాడు. వదిన వైపు చూశాడు. వదిన ఆకాశం వైపు చూసింది.

పాంజీ అన్న కారు దగ్గరికొచ్చి, ముసుగు మొఖం మీదికి దించేసుకున్నాడు. ఇంకా మిషను కూడా ఆన్ చేయలేదు. ఆ ముసుగులోంచే నాతో అన్నాడు.

"అమ్మాయ్ దిల్‌ఫూజా, బ్యాటరీ తీగ తీశాడా లేదా, మీ అన్నని అడుగు."

అన్నయ్య నా నుంచి జానెడు దూరంలో ఉన్నాడు. అయినా నేను అడగాలి కాబట్టి అడిగాను. "అన్నయ్యా, బ్యాటరీ తీగ తీశావా?"

"తీశానని చెప్పు. నేనేం నిన్న పనిలో చేరలేదని కూడా చెప్పు."

"తీశాడట" అన్నాను.

"రెండోది కూడా విన్నాలే" అంది ముసుగు. "కంప్రెసర్ రంధ్రంలో గుడ్డ కుక్కమను, నిప్పురవ్వలు లోపలికి పోతాయి."

"కుక్కానని చెప్పు."

"కొంచెం బయటికి ఉంది, ఇంకా లోపలికి తొయ్యమను."

"తొయ్యడానికి చేతులు లేవా అని అడుగు."

"ఇదెక్కడి గోలరా!" అని అమ్మ మంచం మీదినుంచి కేక పెట్టింది. "పిల్లదానికి మెడ పట్టేస్తుంది. ఇద్దరూ గొంతులు అమ్ముకుని వచ్చారా?"

లావుపాటి పెద్దమనిషి చాయ్ పొలమారి దగ్గాడు. ఇద్దరు మగవాళ్లూ ఏమీ విననట్టే ఉన్నారు. గుడ్డను మాత్రం ఇద్దరూ ఒకేసారి తొయ్యబోయి వేళ్లు తగిలి వెనక్కి తీసుకున్నారు.

పాంజీ అన్న నట్టును బోల్టు మొండెం మీద నిలబెట్టి, "అటు తిరగండి" అన్నాడు. మేమంతా ముఖాలు తిప్పుకున్నాం. చిర్రుమంది. గోడమీద నీలపు వెలుగు ఎగిరింది. తిరిగి చూసేసరికి నట్టు నడిమధ్య ఎర్రటి కన్నులా మండుతోంది.

"ఇప్పుడు కొవ్వొత్తి కావాలి" అన్నాడు.

వదిన వంటింట్లోకి పరుగెత్తి, పిల్లల పుట్టినరోజు కేకు మీద గుచ్చే గులాబిరంగు చిన్న కొవ్వొత్తి తెచ్చింది. పాంజీ అన్న దాన్ని చూసి ముసుగు ఎత్తాడు.

"బోల్టుకి ఎన్నో పుట్టినరోజు చెల్లెమ్మా?"

వదిన నవ్వింది. ఆ పొద్దున్నుంచి అదే మొదటి నవ్వు. ఎరుపు తగ్గి నట్టు నల్లబడ్డాక, ఆయన కొవ్వొత్తిని బోల్టు మొదట్లో ఆనించాడు. మైనం చిటపటమని కరిగి, బోల్టు మరల సందుల్లోకి పీల్చుకున్నట్టు దిగిపోయింది. కొంచెం ఆగి, పానా అన్నయ్య వైపు చాచాడు. మాట లేదు, పానా మాత్రమే. ఎంతైనా అది అన్నయ్య ఇంటి కారు, తిప్పాల్సింది అన్నయ్యే.

అన్నయ్య ఈసారి తొందరపడలేదు. పానా తగిలించి, అరచేయి ఆనించి, నెమ్మదిగా నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకాస్త నొక్కాడు. సన్నగా కీచుమంది.

"కదిలింది!" అన్నాడు పాంజీ అన్న.

"కదిలిందన్నా!"

"ఆగు, ఆగు, అక్కడే ఆపు! వెనక్కి తిప్పు."

"తిప్పుతున్నా."

"ఇంకొంచెం వెనక్కి. ఆ. ఇప్పుడు ముందుకి. లాగకురా దున్నపోతా, తిప్పు!"

"తిప్పుతున్నాగా! మైనం ఇంకాస్త పెట్టు."

"పెట్టా. ముందుకి... చాలు, వెనక్కి. అదిగో, తెల్లపొడి వస్తోంది చూడు."

"వస్తోందన్నా, వచ్చేస్తోంది!"

అలా ముందుకీ వెనక్కీ, నిద్ర రాదంటున్న పసిదాన్ని ఊయలూపినట్టు ఊపారు. ఇద్దరి తలలూ ఒకే బానెట్ కింద ఆనుకుని ఉన్నాయి. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, మాట్లాడొద్దని. అమ్మ కూడా నోటిమీద వేలేసుకుంది. కీచులు పలచబడ్డాయి. పానా తేలిగ్గా తిరిగింది. చివరికి అన్నయ్య వేళ్లతోనే తిప్పి, నట్టుతో సహా బోల్టును బయటికి తీసి, ఎండలో పైకెత్తి చూపించాడు. మరలనిండా తెల్లటి పొడి, గులాబిరంగు మైనం.

"మరలు చెడలేదు" అన్నాడు పాంజీ అన్న, లోపలికి లైటు వేసి చూస్తూ. "నీ అదృష్టం."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకి. లైటు ఆపేసి, ముసుగు కోసం చెయ్యి చాచాడు. ముసుగు దూరంగా కింద పడి ఉంది.

ముందు మాట్లాడింది అన్నయ్యే. బోల్టును అరచేతిలో దొర్లిస్తూ, తల ఎత్తకుండా అన్నాడు.

"అన్నా, ఆ పిట్ట... నేనే ముడి సరిగ్గా వెయ్యలేదు."

"తెలుసు."

"చాలా వెతికాను. మేతపొలం మొత్తం."

"అదీ తెలుసు. నువ్వు చేతులమీదా మోకాళ్లమీదా పాకుతుంటే పొలంవాడు చూసి నాకు చెప్పాడు." పాంజీ అన్న తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "పిట్టకేముందిరా, రెక్కలున్నాయి, పోయింది. 'అన్నా, పోయింది' అని నాతో ఒక్క మాట అంటే నేను ఏడ్చి ఊరుకునేవాణ్ణి. ఇంకో పిట్టను పెట్టి నాదే అన్నావు. నా పిట్ట గొంతు నాకు తెలియదనుకున్నావు. అది కదా మంట."

"భయమేసిందన్నా."

"నేనంటే భయమా?"

"నువ్వు ఏడుస్తావని."

పాంజీ అన్న కారు టైరును ఒకసారి కాలితో తన్నాడు. ఇంకాసేపటికి అన్నయ్యే మెల్లగా అడిగాడు.

"ఇప్పుడున్నది ఎలా కూస్తోంది?"

"దానికంటే బాగా కూస్తోంది. అదేరా నా ఏడుపు! రెండేళ్లుగా ఎవరికీ చెప్పుకోలేక చస్తున్నా."

మంచం మీద లావుపాటి పెద్దమనిషి పగలబడి నవ్వాడు. అమ్మ కళ్లొత్తుకుంటూ లేచి, "రొట్టెలు వేడిగా ఉన్నాయి, తినండ్రా" అంటూ లోపలికి నడిచింది. కానీ తినడానికి ఎవరు కూర్చుంటారు? పని ఇంకా ఉంది. అన్నయ్య మరలు శుభ్రం చేశాడు. కొత్త రబ్బరు రింగుకు నూనె రాసి తొడిగాడు. కొత్త బోల్టు బిగించాడు. పంపుతో లోపలి గాలీ తేమా లాగేశాడు. ఆ పంపు దడదడలాడుతున్నంతసేపూ పాంజీ అన్న దాని పక్కనే గొంతుక్కూర్చుని రొట్టెముక్క నములుతూ, "మీటరు ముల్లు పడిపోతోందా?" అని అడుగుతూనే ఉన్నాడు. ముల్లు అడుగుదాకా పడింది, పంపు ఆపాక కూడా మళ్లీ లేవలేదు. గ్యాస్ ఎక్కింది.

వదిన స్టీరింగు ముందు కూర్చుని బటన్ నొక్కింది. మొదట వేడిగాలి, తర్వాత గోరువెచ్చన, తర్వాత కొండమీది గాలి. అమ్మ కిటికీలోంచి తల దూర్చి, ముఖం గాలికి పెట్టి కళ్లు మూసుకుంది.

"అబ్బ! నన్ను కూడా ఈ ఫ్రిజ్‌లో పెట్టి పంపించండే."

ఆకాశం అప్పటికే పసుపుగా మారుతోంది. నది అవతలినుంచి దుమ్ము లేచింది. వదిన గడియారం చూసి, "ఎక్కండి" అంది.

"ఎవరం?" అన్నాడు అన్నయ్య.

"కేకును ఇద్దరు పట్టుకోవాలి. మీరు అటు, పాంజీ అన్నయ్య ఇటు. దిల్‌ఫూజా నా పక్కన పూలు పట్టుకుంటుంది."

"నా పని..." అన్నాడు పాంజీ అన్న. అని, చల్లగాలి వస్తున్న కిటికీని ఒకసారి చూసి, "సరే, అతుకు ఎలా ఉందో దారిలో చూసుకుంటాలే" అని ఎక్కేశాడు. అతుకు ఉన్న బోల్టు అన్నయ్య జేబులో ఉందని ఎవరూ ఆయనకు గుర్తుచేయలేదు.

లావుపాటి పెద్దమనిషి మాత్రం, "నా కారో?" అన్నాడు.

"రేపు" అన్నారు అన్నయ్యా వదినా ఒక్కసారే.

అలా బయల్దేరాం. వెనకసీట్లో ఇద్దరు బలమైన మగవాళ్లు, మధ్యలో మూడంతస్తుల కేకు డబ్బా. బయట గాలి ఊళపెడుతోంది, దుమ్ములో ముందున్న లారీ కూడా లీలగానే కనిపిస్తోంది, రోడ్డుపక్క పుచ్చకాయల కొట్లవాళ్లు గుడ్డలు కప్పుకుని కూర్చున్నారు. లోపల వదిన ఏసీని చివరిదాకా తిప్పి పెట్టింది.

ఊరు దాటగానే పాంజీ అన్న అన్నాడు. "చెల్లెమ్మా, కొంచెం తగ్గిస్తావా?"

"కేకు అన్నయ్యా."

ఇంకొంత దూరం పోయాక అన్నయ్య అన్నాడు. "సనోబర్, కాస్త..."

"కేకండీ."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఇద్దరి ముక్కులూ ఎర్రబడ్డాయి. పాంజీ అన్న చొక్కా చెమటకు తడిసి ఉందేమో, పళ్లు కటకటలాడుతున్నాయి. జూలై నెలలో, తెర్మెజ్ రోడ్డుమీద!

"ఒరే నార్మురాద్, ఇంత బాగా చెయ్యమని ఎవడు చెప్పాడ్రా నీకు?"

"నువ్వు బోల్టు తియ్యకపోతే ఈ బాధే ఉండేది కాదు."

"దుప్పటి ఉందా?"

"కిటికీలకు కట్టే దుప్పటి ఉంది" అంది వదిన. "ఇవాళ దాంతో పని లేదుగా, కప్పుకోండి."

ఇద్దరూ ఒకే దుప్పటిని, కేకు మీదినుంచి పోనిచ్చి, భుజాలమీదికి లాక్కున్నారు. షేరాబాద్ వచ్చేదాకా కౌజుల్లో ఏ జాతి మెరుగు, ఆడపిట్టను చూపించి మగపిట్టను కూయించడం మంచిదా కాదా అని వాదించుకుంటూనే ఉన్నారు. వదిన అద్దంలో వాళ్లను చూస్తూ, ఏదో పాట సన్నగా పాడుకుంటూ నడిపింది. ఆమె చల్లటి కారు నడపగా నేను చూడటం అదే మొదలు. తలగుడ్డ పొడిగా ఉంది. ముఖం తేటగా ఉంది. మార్చి నుంచి ఆమె ఎలా తిరిగిందో నాకు అప్పుడు అర్థమైంది.

పెళ్లింటి ముందు కారు ఆగి తలుపు తెరుచుకోగానే, దుప్పటి కప్పుకున్న ఇద్దరు మగవాళ్లు వణుకుతూ దిగడం చూసి పెళ్లికొడుకు మేనమామ కంగారుపడ్డాడు.

"అయ్యో, జ్వరమా?"

"లేదు, కేకు" అన్నాడు పాంజీ అన్న.

డబ్బా విప్పారు. మూడంతస్తులూ నిటారుగా ఉన్నాయి. ఒక అంచున మీగడ వేలంత జారింది, అంతే. వదిన అక్కడొక దానిమ్మపువ్వు అతికించింది. పెళ్లికూతురి అమ్మమ్మ వచ్చి, చల్లటి పళ్లెం మీద అరచేయి ఆనించి చూసి, ఆ చెయ్యి తీసి వదిన చెంపకు రాసింది. వదిన కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

మమ్మల్ని వదిలితే కదా! కూర్చోబెట్టి మాంసం పులావు పెట్టారు. పొడవాటి బూరలు మోగుతున్నాయి, ముంగిలంతా జనం. పాంజీ అన్న వేడివేడి చాయ్ గిన్నెమీద గిన్నె తాగి ఒంట్లోకి వెచ్చదనం తెచ్చుకున్నాడు. ఆ మేనమామకు ఎవరు చెప్పారో మరి, మా అన్నయ్య ఏసీలు చేస్తాడని తెలిసిపోయింది. ఆయన మెల్లగా పక్కన చేరాడు.

"తమ్ముడూ, పెళ్లికూతుర్ని తీసుకెళ్లే కారులో చల్లదనం సరిగ్గా రావట్లేదయ్యా. తప్పుగా అనుకోవు కదా, ఒక్కసారి..."

అన్నయ్య వదిన వైపు చూశాడు, భయంభయంగా. వదిన చెయ్యి ఊపింది, వెళ్లమని.

పొద్దు వాలుతోంది, గాలి తగ్గింది. పెళ్లికారు బానెట్ ఎత్తి అన్నయ్య లోపలికి వంగాడు. పాంజీ అన్న లైటు పట్టుకున్నాడు. వాళ్లచుట్టూ అప్పుడే నలుగురైదుగురు చేరి సలహాలు మొదలుపెట్టారు.

మేం బయల్దేరే వేళయింది. వదిన పిలిచింది. "ఏమండీ, వెళ్దామా?"

"వచ్చేస్తున్నాం, రెండు నిమిషాలు!" బానెట్ కిందినుంచి రెండు గొంతులు.

ఆ రెండు నిమిషాలు ఎంతసేపో వదినకు తెలియదా? కానీ ఆమె కోపగించుకోలేదు. తాళాలు నా చేతిలో పెట్టి, చెప్పులు విడిచి, "రా" అని నా మణికట్టు పట్టుకుని ఆడవాళ్లు నాట్యం చేస్తున్న చోటికి లాక్కెళ్లింది. డప్పు వేగం పెరిగింది. వదిన చేతులు భుజాలకంటే పైకెత్తి, మెడ వయ్యారంగా కదిలిస్తూ వలయం మధ్యలోకి వెళ్లిపోయింది.